దీన్‌దార్ అంజుమన్: విధేయతకు హద్దు లేనప్పుడు

బెజవాడ నుండి బందరుకు పోయే దారిలో కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటుతూ ఉంటే మసీదు మినారూ చర్చి శిఖరమూ కనుచూపు దూరంలోనే కనబడతాయి. ఈ ఇరుగుపొరుగుతనం కృష్ణా డెల్టాలో తరాలనాటిది. 2000 మే 21న మచిలీపట్నంలో క్రైస్తవుల సభలో బాంబు పేలినప్పుడు జనం నివ్వెరపోవడానికి కారణం ఇదే. జూన్ 8న ఒంగోలు, తాడేపల్లిగూడెం చర్చిలలోనూ, జూలైలో హుబ్లీ, బెంగుళూరు చర్చిలలోనూ ప్రేలుళ్ళు జరిగాయి. జూలై 9న బెంగుళూరులో బాంబులు తీసుకుపోతున్న వ్యాను తానే ప్రేలి అందులోని ఇద్దరు మరణించగా, దర్యాప్తు హైదరాబాదులోని దీన్‌దార్ అంజుమన్ వైపు మళ్ళింది. 2001లో కేంద్ర ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది. 2008లో బెంగుళూరు ప్రత్యేక న్యాయస్థానం ఇరవైముగ్గురిని దోషులుగా నిర్ణయించింది.

ఈ నేరచరిత్రను తిరిగి చెప్పడం మా ఉద్దేశ్యం కాదు. సర్వమత సమ్మేళనాలు జరుపుతూ వచ్చిన ఒక ప్రచార సంస్థలోని మనుషులు ఈ దారిలోకి ఎట్లా వచ్చారు? ఈ ప్రశ్నకు జవాబును ఆ సంస్థ అంతర్నిర్మాణంలో వెదకాలి.

స్థాపకుడు సయ్యద్ సిద్దీఖ్ హుసేన్ 1886లో గుల్బర్గా ప్రాంతంలో జన్మించాడు. కొంతకాలం ఖాదియానీ ఉద్యమంతో సంబంధం పెట్టుకుని, తరువాత విడివడ్డాడు. 1924లో, లింగాయతులు ఎదురుచూస్తున్న చన్నబసవేశ్వరుడను తానేనని ప్రకటించుకున్నాడు. తరువాత హైదరాబాదు ఆసిఫ్‌నగర్‌లో ఆశ్రమం నెలకొల్పి, 1952లో మరణించాడు. ఆయన ప్రచారకులు కాషాయ వస్త్రాలు ధరించి, వేదపురాణాల మాటలనూ ఖుర్ఆన్ ఆయతులనూ జోడించి ఊరూరా బోధించారు.

ఎదుటివారి భాషలో మాట్లాడటం తప్పు కాదు. దక్కనులో సూఫీలు చేసినదీ అదే. తప్పు మరొకచోట ఉంది. ఇతరులు ఎదురుచూసే మహాపురుషుని ఆసనంపై తానే కూర్చుంటే, ఆ వాదానికి సాక్ష్యం ఎక్కడిది? లింగాయతులు దానిని అంగీకరించలేదు. ఇస్లాంలో అవతార సిద్ధాంతానికి తావే లేదు. అల్ అహ్‌జాబ్ సూరా 40వ ఆయత్ ముహమ్మద్ (స)ను ప్రవక్తలలో చివరివారిగా తెలుపుతున్నది. సిద్దీఖ్ తాను ప్రవక్తనని చెప్పుకోలేదని అనుయాయులు అంటారు. ఆ మాటే ఒప్పుకున్నా చిక్కు తీరదు. ఏ గ్రంథమూ రుజువు చేయలేని వాదాన్ని మోయవలసిన ప్రచారకునికి గురువు మాటే ఆధారమవుతుంది. సాక్ష్యం పోయినచోట విధేయత వచ్చి కూర్చుంటుంది. అట్టి సంస్థలో పనిచేసేవాడు ప్రశ్నిస్తే అది సందేహం అనిపించుకోదు, ద్రోహం అనిపించుకుంటుంది.

స్థాపకుని కుమారుడు పాకిస్తాన్‌లోని మర్దాన్ నుండి ఈ పథకాన్ని నడిపించాడనీ, మతాల మధ్య చిచ్చు పెట్టడమే దాని లక్ష్యమనీ దర్యాప్తు సంస్థల అభియోగం. ఇందులో తమకు పాత్ర లేదని ఆసిఫ్‌నగర్ పెద్దలు ఖండించారు. సామాన్య అనుయాయులందరినీ దోషులనడం న్యాయమూ కాదు. అయినా, వంశం వల్ల వచ్చిన అధికారానికి ఎదురుచెప్పే అలవాటు లేనిచోట, దూరాన ఉన్న ఒక గొంతు కొందరు యువకులను ఎంతదూరమైనా నడిపించగలదు. జపానులో 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో విషవాయువు వదలిన ఓమ్ షిన్‌రిక్యో సభ్యులలో వైద్యుడూ, శాస్త్రవిద్య చదివినవారూ ఉన్నారు. చదువు ఒక్కటే ఈ జబ్బుకు మందు కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇస్లాం విధేయతకు హద్దు గీసింది. దైవప్రవక్త (స) పంపిన ఒక దళానికి నాయకుడైన వ్యక్తి కోపంతో మంట వేయించి, అందులో దూకమని తన మనుషులను ఆజ్ఞాపించాడు. వారు వెనుదీశారు. ఆ వార్త విన్న ప్రవక్త (స), వారు దూకి ఉంటే ఇక దాని నుండి బయటపడేవారు కారనీ, విధేయత మంచి విషయాలలోనే చెల్లుతుందనీ తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. అత్తౌబా సూరా 31వ ఆయత్ విని, క్రైస్తవం నుండి వచ్చిన అదీ బిన్ హాతిం (ర), తాము మతగురువులను ఆరాధించలేదే అని అడిగాడు. వారు ధర్మమన్నది ధర్మమనీ, నిషిద్ధమన్నది నిషిద్ధమనీ ఒప్పుకోవడమే ఆరాధన అని ఆయనకు జవాబు వచ్చింది. ఇక అల్ హజ్ సూరా 40వ ఆయత్ మసీదులతోపాటు మఠాలనూ చర్చిలనూ రక్షింపదగిన స్థలాలుగా పేర్కొన్నది. బందరు సభలో బాంబు పెట్టినవాడు ఆ ఆయత్‌పైనే చేయి చేసుకున్నాడు.

దీన్‌దార్ అంజుమన్ తప్పుదారి పట్టిన శాఖ అని తేల్చి చేతులు దులుపుకోవడం సులభం. కాని మన జమాఅతులలో, మదర్సాలలో, దర్గాలలో జీతానికో సేవకో పనిచేసే చిన్నవాడు పెద్దవాని ముఖం చూసి, ఇది ధర్మం కాదు అని చెప్పగలడా? చెప్పిన మరునాడు అతనికి అక్కడ చోటు ఉంటుందా? హజ్రత్ అబూబక్ర్ (ర) ఖలీఫా అయిన తొలి ప్రసంగంలోనే తాను తప్పితే సరిదిద్దమని ప్రజలను కోరాడు. ఆ కోరికను మన సంస్థలు గోడకు వ్రాసుకుంటే చాలదు, పనివారి నోట వినడానికి సిద్ధపడాలి. బందరులో గాయపడినవారికి ముస్లింలుగా మనం బాకీపడి ఉన్న సమాధానం అదే.