నంబరు చూసి పాడండి

2019 ఆగస్టు 17 రాత్రి. కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఆర్‌ఎం సోదబీస్ వారి వేలం మంచి ఊపు మీద ఉంది. వేదిక మీదికి 1939 నాటి పోర్షె టైప్ 64 వచ్చింది. బెర్లిన్ నుంచి రోమ్ దాకా జరగాల్సిన రేసు కోసం చేసిన మూడు కార్లలో చెక్కుచెదరకుండా మిగిలింది ఇదొక్కటే. రెండు కోట్ల డాలర్లు పలుకుతుందని అంచనా. వేలం నడిపే ఆయన 'థర్టీన్' మిలియన్లతో మొదలుపెట్టాడు. వెనకున్న తెర మీద మాత్రం 'థర్టీ' అని పడింది. ఆయన పాట పెంచుతున్నకొద్దీ తెర నలభై, యాభై, అరవై, డెబ్బై అంటూ దూకింది. జనం లేచి నిలబడ్డారు, చప్పట్లు, ఈలలు, చేతుల్లో ఫోన్లు. అప్పుడాయన ఆగి, నేనంటున్నది పదిహేడు, డెబ్బై కాదని సర్దిచెప్పాడు. తెర మీది అంకె ఒక్కసారిగా 5.3 కోట్లు తగ్గింది. హాలంతా గోల. కొందరు విసుక్కుంటూ వెళ్లిపోయారు. కారు అమ్ముడుపోలేదు.

ఆ వీడియో చూసి నవ్వుకోనివాళ్లుండరు. అందులో నన్ను పట్టుకున్న సంగతి వేరు. తెర ఎంత ఎగిరినా అసలు పాట 1.7 కోట్ల దగ్గరే ఆగింది. హాల్లో గోల గోలే, డబ్బు డబ్బే. పాత స్పోర్ట్స్ కార్ల వేలం బయటికి కనిపించేంత పిచ్చి వ్యవహారం కాదు. సుత్తి పడే మూడు నాలుగు నిమిషాల వెనక నెలల తరబడి కాగితాల చదువు ఉంటుంది. ఆ చదువు ఉన్నవాడు నెగ్గుకొస్తాడు. రంగు చూసి, ఎగ్జాస్టు మోత విని మురిసిపోయినవాడు మునుగుతాడు.

ఈ లోకంలో అందరూ తలెత్తి చూసే కారు ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 1964 వరకు 36 మాత్రమే తయారయ్యాయి. కొత్తలో అమెరికాలో దీని ధర 18 వేల డాలర్లు. కొనేవాడు ఎవరో కంపెనీ అధినేత ఎన్‌జో ఫెరారీకి నచ్చితేనే కారు ఇచ్చేవారు. రేసు కారు బతుకు మహా అయితే రెండు మూడు సీజన్లు. కొత్త మోడల్ రాగానే పాతది షెడ్డు మూలకు పోతుంది. వీటిలో ఒకదాన్ని యజమాని టెక్సస్‌లోని ఒక హైస్కూలుకు దానంగా ఇచ్చేశాడు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకుంటారని. స్కూలు 1972లో దాన్ని 6,500 డాలర్లకు అమ్మేసింది. కొన్నాయన దాన్ని ఒహాయోలో ట్రెయిలర్ మీదే ఏళ్ల తరబడి ఎండకూ వానకూ వదిలేశాడు. అదే జాతి కారు, ఛాసిస్ నంబరు 3413 జీటీ, 2018 ఆగస్టులో మాంటెరేలో 4.84 కోట్ల డాలర్లకు పోయింది. 1962లో ఇటలీ జాతీయ జీటీ చాంపియన్‌షిప్ గెలిచిన బండి అది.

ఆ 4.84 కోట్ల లెక్క ఒకసారి విప్పి చూద్దాం, చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. సుత్తి పడింది 4.4 కోట్ల దగ్గర. దాని మీద కొనేవాడు వేలం సంస్థకు కమిషన్ కట్టాలి. అక్కడి పద్ధతిలో మొదటి 2.5 లక్షల డాలర్లకు 12 శాతం, అంటే 30 వేలు. మిగతా 4.375 కోట్లకు 10 శాతం, అంటే 43.75 లక్షలు. రెండూ కలిపితే 44.05 లక్షలు. పత్రికల్లో వచ్చే ధర ఇదంతా కలిపినది, అమ్మినవాడి చేతికి వచ్చేది కాదు. ఈ కమిషన్ సంస్థను బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. పన్నులు, రవాణా, కారును దేశం దాటిస్తే కస్టమ్స్ సుంకం వేరే. పాడేటప్పుడు నోట వచ్చే అంకెకూ చివరికి చెక్కు మీద రాసే అంకెకూ ఉన్న తేడాను ముందే వేసుకోనివాడు చెయ్యెత్తకపోవడం మేలు.

మన ఊళ్లలో చెరువు చేపలకో, మార్కెట్ ఆశీలుకో వేలం వేస్తే సర్కారువారి పాట అని ముందే చాటుతారు. అంతకు తక్కువకు ఇవ్వరని అందరికీ తెలుసు. కార్ల వేలంలో ఆ అంకె రహస్యం. రిజర్వు ధర అంటారు. అమ్మేవాడికి, వేలం సంస్థకు తప్ప మూడో కంటికి తెలియదు. కేటలాగులో ఉండేది అంచనా మాత్రమే, కింది హద్దు, పై హద్దు. రిజర్వు సాధారణంగా కింది హద్దును దాటదు. పాట రిజర్వుకు చేరేదాకా, ఎవరూ చెయ్యెత్తకపోయినా, వేలం నడిపేవాడు అమ్మకందారు తరఫున తానే పాట పెంచవచ్చు. నిబంధనల్లో చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది. దీన్ని ఆ రంగంలో షాండిలియర్ పాట అని ఎగతాళి చేస్తారు, పైకప్పుకు వేలాడే దీపాల గుత్తే పాడుతున్నట్టు. రిజర్వు దాటాక పాడేవాళ్లంతా నిజం మనుషులే. అనుభవం ఉన్నవాళ్లు అప్పటిదాకా చేతులు కట్టుకు కూర్చోవడానికి కారణం అదే.

అమ్మేవాళ్ల వైపు ఇంకో ఎత్తు ఉంది. అసలు రిజర్వే పెట్టకుండా వదిలేయడం. ఎంతకైనా ఇచ్చేస్తారట అనే మాట వినగానే హాల్లో సగం మందికి ఆశ పుడుతుంది, ఆశపడినవాళ్లు ఇద్దరున్నా చాలు ధర దానంతటదే పైకి పోతుంది. ఒక్కడే ఉంటే మాత్రం అమ్మకందారు గుండె ఆగిపోతుంది. ఇప్పుడు ఇంటర్నెట్ వేలాలూ వచ్చాయి. అమెరికాలోని బ్రింగ్ ఎ ట్రెయిలర్‌లో చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది. ఆఖరి సెకనులో దూరి కొట్టేద్దామనుకునేవాళ్లకు అడ్డుకట్ట అది.

ఇదంతా హాల్లో జరిగేది. అసలు పని అంతకు ముందే, ప్రదర్శనకు పెట్టిన రోజుల్లో, టార్చిలైటు పట్టుకుని కారు కింద పడుకున్నవాడు చేస్తాడు. ముందుగా అతను చూసేది ఛాసిస్ గొట్టం మీద గుద్దిన నంబరు. అంకెల ఆకారం ఆ ఏడాది ఫ్యాక్టరీ వాడిన ముద్రలదేనా? అంకెల మధ్య ఎడం సరిగా ఉందా? చుట్టుపక్కల ఇనుము గ్రైండింగు పట్టిన ఆనవాళ్లున్నాయా? ఆ రోజుల్లో ఫెరారీ రోడ్డు కార్లకు బేసి నంబర్లు, రేసు కార్లకు సరి నంబర్లు వేసేది. జీటీఓ రేసు కారే అయినా, రోడ్డు కార్ల ఆధారంగా ఉండే జీటీ తరగతిలో దిగడం కోసం బేసి నంబరు వేసుకుంది. తర్వాత ఇంజను నంబరు, గేరుబాక్సు నంబరు, వెనక యాక్సిలు నంబరు. ఫ్యాక్టరీ రికార్డుతో ఇవన్నీ కలిస్తే మ్యాచింగ్ నంబర్స్ అంటారు, ధర చాలా పెరుగుతుంది. ఇంజను మారిందంటే అంతే వేగంగా తగ్గుతుంది.

బాడీ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఫెరారీ బాడీలు చేసిన స్కాలియెత్తి వర్క్‌షాపులో అల్యూమినియం రేకును సుత్తితో చేత్తో కొట్టి మలిచేవారు. అందుకని ఎడమ రెక్క, కుడి రెక్క ఒకదానికొకటి కచ్చితంగా సరిపోవు. కొలిచి చూస్తే రెండూ అచ్చుగుద్దినట్టుంటే మురిసిపోకండి, అనుమానించండి. తర్వాతెప్పుడో కొత్తగా చేయించిన బాడీ అయివుండవచ్చు. డోరు లోపలి రేకు మీద, బానెట్ అడుగున పెన్సిలుతోనో ముద్రతోనో వేసిన బాడీ నంబర్లు వెతుకుతారు. కొత్తగా మెరిసే పెయింటు కంటే, ఆ పెయింటు ఎక్కని మూలల్లో దాగిన పాత రంగే ఎక్కువ నిజం చెబుతుంది.

ఇనుము చెప్పనిది కాగితం చెప్పాలి. మొదటి ఇన్‌వాయిసు, రిజిస్ట్రేషన్లు, రేసు ఎంట్రీ ఫారాలు, పిట్‌లో తీసిన ఫొటోలు, యజమానుల ఉత్తరాలు. వీటన్నిటి కట్టనే కారు చరిత్ర అంటారు. ఆ కట్టలో అయిదేళ్ల ఖాళీ కనిపిస్తే అక్కడే ఏదో జరిగి ఉంటుంది. ప్రమాదమో, మంటో, దొంగతనమో. 1980ల్లో ఒహాయో నుంచి ఎత్తుకుపోయిన ఒక ఫెరారీ 375 ప్లస్ యూరప్‌లో తేలింది. ఎవరిదనే గొడవ దశాబ్దాలు నడిచింది. 2014లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో 1.07 కోట్ల పౌండ్లకు వేలంలో అమ్ముడైంది. ఆ తర్వాతా కోర్టులు వదల్లేదు.

అసలు కారు అంటే ఏది అన్న ప్రశ్న 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. 1929, 1930ల్లో లె మాన్స్ గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్, దాని పేరు 'ఓల్డ్ నంబర్ వన్'. అమ్మకం ఒప్పందం కుదిరాక కొనేవారు వెనక్కి తగ్గారు. ఆ రేసుల నాటి భాగాలు ఇందులో దాదాపు ఏమీ మిగల్లేదు, ఇది ఆ కారు కాదు అన్నారు. భాగాలు ఒక్కసారిగా కాక ఏళ్ల మీద ఒకటొకటిగా మారాయనీ, ఈ మధ్యలో ఎక్కడా ఆ కారు ఆ కారుగా ఉండటం ఆగలేదనీ, ఆ పేరుకు మరో హక్కుదారు లేదనీ జడ్జి ఆటన్ తేల్చారు. అమ్మేవాడే గెలిచాడు. ఇనుప ముక్కలకంటే తెగని చరిత్రకే విలువ అని ఈ వ్యాపారానికి పునాది రాయి వేసింది ఆ తీర్పే అంటాను.

ఈ ఆలోచన ఎంత దూరం పోయిందంటే, ఇప్పుడు తుప్పుకూ ధర ఉంది. ఫ్రాన్స్ పశ్చిమ ప్రాంతంలో రోజే బయ్యోఁ అనే రవాణా వ్యాపారి 1950ల నుంచి మ్యూజియం పెడదామని కార్లు కొని పోగేశాడు. 1970ల్లో వ్యాపారం దెబ్బతింది. కొన్ని అమ్మేశారు, మిగిలినవి పొలంలోని పాకల కింద అలాగే ఉండిపోయాయి. 2014లో అర్త్‌క్యూరియల్ సంస్థవాళ్లు వెళ్లి చూస్తే, ఒక మూల పాత పత్రికల దొంతరల కింద ఒకప్పుడు నటుడు అలేన్ దెలోన్ నడిపిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ కనిపించింది. కడగలేదు, తుడవలేదు. 2015 ఫిబ్రవరి 6న పారిస్‌లో ఆ దుమ్ముతోనే వేలంలో పెట్టారు. 1.63 కోట్ల యూరోలు వచ్చాయి. అక్కడ తెలివి ఏమిటంటే, ఒకసారి కొత్త రంగు కొట్టిస్తే మళ్లీ పాతది తెచ్చుకోలేమన్న ఎరుక. బాగుచేయడానికి ఎప్పుడైనా దారి ఉంటుంది, బాగుచేసినదాన్ని వెనక్కి తిప్పడానికి ఉండదు.

ఇంకో రహస్యం మిల్లె మిలియా. ఇటలీలో 1927 నుంచి 1957 వరకు జరిగిన వెయ్యి మైళ్ల రోడ్డు రేసు అది. ఇప్పుడు ఏటా జ్ఞాపకార్థం జరిగే పరుగులో ఆ ఏళ్లలో పాల్గొన్న మోడళ్లకే చోటు. అందుకే చిన్న సైజు ఫియట్ ఆధారిత రేసు బండి కూడా, అర్హత ఉందంటే, తన సత్తాకు మించిన ధర పలుకుతుంది. కొనేది కారునే కాదు, ఆ లైన్లో నిలబడే హక్కును కూడా.

ఇందులో పెట్టుబడి పెడదామా అని అడిగేవాళ్లకు ఒక పాత సంగతి. 1988 ఆగస్టులో ఎన్‌జో ఫెరారీ పోయాక ధరలు పిచ్చెత్తినట్టు పెరిగాయి. జపాన్ డబ్బు తోడైంది. 1989కల్లా జీటీఓ ధర కోటి డాలర్లు దాటింది. నాలుగైదేళ్లు తిరక్కుండానే మూడో వంతుకు పడింది. అప్పు చేసి కొన్నవాళ్లు అప్పుతోనే మిగిలారు. ఇన్సూరెన్సు, గాలి తేమ చూసుకునే గ్యారేజీ, నడపకపోతే ఎండిపోయే సీళ్లు, ఈ ఖర్చులు ధర తగ్గినా తగ్గవు.

అయినా ఈ వేలాలను ధనవంతుల ఆటగా కొట్టిపారేయలేను. 2022 మేలో స్టుట్‌గార్ట్ మ్యూజియంలో, పిలిచినవాళ్ల మధ్య మాత్రమే జరిగిన వేలంలో మెర్సిడెస్ తన 1955 నాటి 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపే రెండింటిలో ఒకదాన్ని అమ్మింది. 13.5 కోట్ల యూరోలు, సుమారు 1,100 కోట్ల రూపాయలు, ఇప్పటివరకు ఏ కారుకూ రానంత ధర. ఆ డబ్బు విద్యార్థుల స్కాలర్‌షిప్ నిధికి వెళ్లింది. అంతకంటే నాకు ముఖ్యం ఇంకొకటి. ధర లేని రోజుల్లో జీటీఓ ఎండకు ఎండింది, ధర వచ్చాక ప్రతి బోల్టుకూ కాపలా వచ్చింది. నష్టం కూడా అక్కడే ఉంది. రేసు కోసం పుట్టిన బండ్లు చాలామటుకు తాళం వేసిన గదుల్లో కాలం గడుపుతున్నాయి. గుడ్‌వుడ్ రివైవల్ అనే పాత కార్ల పోటీల్లో నేటికీ నిజంగా రేసు చేయించే యజమానులకు నా ఓటు.

మన దగ్గర హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే నిజాం కోసం చేసిన పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. స్పోర్ట్స్ కారు కాదు, సింహాసనం కారు. కానీ ఎవరి కోసం, ఎప్పుడు, ఎవరు చేశారో తెలిసిన కారు. అలాంటి అదృష్టం మామూలు ఇళ్ల బండ్లకు ఉండదు. కేంద్రం 2021 జులైలో యాభై ఏళ్లు దాటిన బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది, నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలతో. ఫీజు 20 వేలు. రోజువారీ తిరగడానికి కాదు గానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు. మీ పెరట్లో తాతగారి ఫియటో, స్టాండర్డ్ హెరాల్డో టార్పాలిన్ కింద ఉంటే, తుక్కు కొట్టువాడిని పిలిచే ముందు, రంగు కొట్టించే ముందు, పాత ఆర్‌సీ, మొదటి రసీదు, ఇన్సూరెన్సు కాగితాలు, ఆ కారు ముందు నిలబడి దిగిన ఫొటోలు వెతికి ఒక ఫైలులో పెట్టండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆ కాగితాలతో కలుస్తున్నాయేమో ఒకసారి చూసుకోండి.