కనబడని రూఫ్

బొగ్గుబాయి యెంత లోతైనను అందులో పీల్చు గాలి యొత్తిడి నేలపైని దానికంటె బహు స్వల్పముగా మాత్రమే హెచ్చును. సముద్రములోనో, పది మీటర్లకొకమాఱు ఒక వాయుమండలపు బరువు వచ్చి మీద చేరుచుండును. లోతనగా కల్యాణిఖని గనులనే యెఱిగిన మందమర్రిలో పెరిగి, విశాఖ ఋషికొండ తీరమున స్కూబా నభ్యసించిన నాకు ఈ భేదము మనస్సున కెక్కుటకు కొంతకాలము పట్టినది. గనిలో ఆయుష్షంతయు ధారపోసిన మా నాయన ఈ విద్యను గూర్చి విని, "మీద రూఫ్ లేదు కద బిడ్డా, ఇంకేం భయం?" అని యడిగెను. పైకప్పు కూలగా తోడివారిని పోగొట్టుకొన్నవాని ప్రశ్న యది.

నీటిలోను రూఫ్ కలదు, కంటికి కనబడదు. ఒత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని దేహమున కరగి నిలుచును. లోతును కాలమును మితిమీరినచో మునిగినవాడు తిన్నగా పైకి రాజాలడు, వచ్చెనా, మూత తీసిన సోడాసీసాలోవలె ఆ వాయువు బుడగలై కీళ్లను, వెన్నుపామును బాధించును. ప్రారంభశిక్షణ ముగించినవారికి 18 మీటర్లు, తరువాతి మెట్టున 30, విశేషశిక్షణతో 40 అని విధించిన హద్దులు ఆ కప్పు తలపై నేర్పడకమునుపే మరలుటకు వలసిన యవకాశమును దక్కించుచున్నవి. విరివిగా వాడుకలోనున్న యొక పట్టిక ప్రకారము 18 మీటర్ల కడ 56 నిమిషములుండవచ్చును. 40 కడ 9 నిమిషములే. పైగా 30 మీటర్ల ప్రాంతమున నత్రజని బుద్ధిని మందగింపజేయును. ఆ మత్తు పట్టినవానికి తెలియదు.

గనివారికిని మునుగువారికిని ఉపకర్త యొక్కడే యని తెలిసినప్పుడు నేను పొందిన యానందము చెప్పనలవికాదు. జాన్ స్కాట్ హాల్డేన్ అను శరీరధర్మశాస్త్రజ్ఞుడు 1896లో, గని పేలుళ్లలో మృతులైనవారిలో పెక్కుమంది దెబ్బలచేత గాక కార్బన్ మోనాక్సైడుచేత మరణించిరని చూపి, ఆ విషమును ముందే పసిగట్టుటకు చిన్నప్రాణులను లోనికి కొనిపొమ్మనెను. ఆయనయే మేకలపై పరీక్షించి, మజిలీలు చేయుచు పైకి వచ్చు విధమును తెలుపు పట్టికలను సహచరులతో కలిసి 1908లో ప్రకటించెను.

నీరు నిండిన ముసుగును ముక్కుగాలితో తేర్చుట, తోడివానికి గాలి నందించుట, ఊపిరి నెన్నడును బిగబట్టకుండుట, 5 మీటర్ల కడ 3 నిమిషములు నిలుచుట: శిక్షణలోని పాఠములివి. పది మీటర్లనుండి పైకి వచ్చులోపల ఊపిరితిత్తులలోని గాలి రెట్టింపగును గనుక, బిగబట్టినవానికి నిరపాయముగా తోచు ఆ పైనీళ్లే ప్రాణాంతకములు.

గనిలోనికి దిగు క్రొత్తవానికి ముందుగా శిక్షణ నీయవలెనని 1966 నాటి నియమములు శాసించుచున్నవి. దానిని తప్పించుకొనవలెనని మా ఊర నెవ్వరును కోరగా నేను వినలేదు. కాని సెలవులకు విశాఖకో అండమానునకో పోయి, గురువు చేయి పట్టుకొని ఒక్కమాఱు మునిగి ఫొటో దిగి వచ్చిన మా యువకులు మఱుసటియేట లోతులకే పోగోరుట చూచి దిగులు కలుగుచున్నది. వారు కోర్సును సంపూర్ణముగా ముగింపవలెననియు, చేతులు తొట్రుపడనంతవరకు నడుములోతు నీటిలోనే ముసుగు తీసి తొడుగుటను మరల మరల చేయింపుమని గురువును తామే యడుగవలెననియు నా ప్రార్థన.