అకారములో ఆగిన సర్వస్వము

కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు 1923లో, నలువదియాఱవ యేట, గతించిరి. ఆయన సంపాదకత్వమున ఆంధ్ర విజ్ఞానసర్వస్వము వెలువడినది మూడు సంపుటములే. అక్షరక్రమమున బయలుదేరిన ఆ యాత్ర వర్ణమాలలో తొలి మెట్లయొద్దనే నిలిచిపోయినది. కాశీనాథుని నాగేశ్వరరావు దానిని తిరిగి చేపట్టిరి. ఆయనయు 1938లో దివంగతులైరి. ఆయుస్సు చాలలేదనియు, ధనము చాలలేదనియు మనము చెప్పుకొందుము. నిజమే. కాని మఱియొక కారణము మన భాషలోనే కలదు.

శాస్త్రపదములకై మనము సంస్కృతము నాశ్రయింతుము. నిషేధార్థకమైన 'అ'యు, అతి, అధి, అను, అప, అభి, అవ మున్నగు ఉపసర్గములును ఒక్క అక్షరము క్రిందికే వచ్చి చేరును. వానికి తోడు అణువు, అద్వైతము, అరిస్టాటిలు, అశోకుడు, అజంతా, అలంకారము! విజ్ఞానము, తత్త్వము, చరిత్ర, కళలు మొదటి గుమ్మమునందే గుమిగూడినవి. ఏ తెలుగు నిఘంటువు చూచినను అకారభాగము బరువుగానే యుండును. లక్ష్మణరావు ఈ బరువును తప్పించుకొనజూడలేదు. చరిత్రకారుని ఓపికతో ప్రతి విషయమును మొదటినుండి విప్పి చెప్పవలెనని పట్టుపట్టిరి. దాని వలననే ఆ సంపుటములు నేటికిని చదువదగియున్నవి. దాని వలననే పని సాగలేదు.

తరువాత తెలుగు భాషాసమితి ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క సంపుటమను పద్ధతి నవలంబించినది. తెలివైన నిర్ణయము, పని ముందుకు నడచినది. అయినను అశోకుని వెదకబోయినవానికి ప్రక్కనే అశ్వఘోషుడు ఎదురగు భాగ్యము అందు లేదు. నా మట్టుకు నాకు అది చిన్న నష్టము కాదు.

దిదెరో ఫ్రెంచి సర్వస్వమును 1751లో ఆరంభించినపుడు అక్షరక్రమమునే పాటించెను. కాని కత్తులు చేయువాని కుమారుడగుటచే గాబోలు, చేతిపనులవారి మాటలకు అందు పెద్దపీట వేసెను. మనకు ఆ పని ఆలస్యముగా జరిగినది. భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన వ్యవసాయ వృత్తిపదకోశమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించినది. పొలములో పలుకు మాటలను ప్రాంతభేదములతో సహా గ్రంథస్థము చేసిన ఆ పుస్తకము సర్వస్వములకు ముందు రావలసినది. పండితులు విషయమును సేకరించిరి; ఆ విషయమును అనుదినము వాడువారి పలుకును సేకరింపలేదు. మన విజ్ఞానవచనమునకు నేటికిని అంటియున్న బిగువు ఇక్కడనే పుట్టినదని నా యభిప్రాయము.

ఈ నింద నాకును చెల్లును. ఒకప్పుడు నీటిపారుదలను గూర్చిన వ్యాసమొకటి తెనిగించుచు, చెఱువు నిండిన పిమ్మట మిగులు నీరు పొర్లిపోవు చోటునకు 'అధికజలనిర్గమస్థానము' అని వ్రాసితిని. అచ్చుచిత్తులు చదివిపెట్టిన రైతుబిడ్డ యొకడు దానిని కొట్టివేసి ప్రక్కన 'అలుగు' అని వ్రాసినాడు. రెండును అకారాదులే! నా మాట యుంచవలెనని ఒక పూటయెల్ల వాదించి, తుదకు అతని దిద్దుబాటుతోనే అచ్చునకు పంపితిని.