ఎత్తు చెప్పే పెట్టె

సొంత విమానం ఉన్నవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే కబుర్లు ఎక్కడ మొదలైనా ప్యానెల్ దగ్గరికే వస్తాయి. ఏ తెర పెట్టించారు, ఎంతయింది, షాపువాళ్లు ఎన్నాళ్లు తిప్పుకున్నారు అని. ఉత్తర టెక్సస్‌లో ముగ్గురం కలిసి నడుపుకుంటున్న మా సెస్నా 172కి ఈ ఏడాది ఆ పని పెట్టుకున్నాం. 1970ల నాటి బండి. ఇంజిను, రెక్కలు నిక్షేపంగా ఉన్నాయి, ప్యానెల్‌కే వయసు మీదపడింది. ఇప్పుడు పని చివరికొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా రంగుల తెర ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం వాళ్లని మెడ వంచి ప్యానెల్ కిందినుంచి వెనక్కి చూడమంటున్నాను. అక్కడ అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి బిగించి ఉంది. ఎన్‌కోడర్ అంటారు. దానికి తెర లేదు, మీట లేదు, అంకె లేదు. విమానం ఎంత ఎత్తులో ఉందో బయటి ప్రపంచానికి అందించేది మాత్రం అదే.

ఇక్కడ చిన్న చిన్న ఊళ్లకి కూడా ఒక రన్‌వే, దాని పక్కన వరసగా హ్యాంగర్లు ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల పిల్లలు కొందరు శని, ఆదివారాల్లో పైలట్ లైసెన్సు కోసం శిక్షణకు వెళ్తుంటారు. వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "అంకుల్, ఏడీఎస్‌-బీ ఉంటే గాల్లో ఉన్నవాళ్లందరూ తెర మీద కనిపిస్తారా?" కనిపించరు. ఎందుకు కనిపించరో తెలుసుకోకుండా వేల డాలర్లు పోసి ప్యానెల్ మార్చుకోవడం ప్రమాదమని నా గట్టి నమ్మకం.

పాత పద్ధతిలో రాడార్ అడుగుతుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ జవాబిస్తుంది. విమానాశ్రయం దగ్గరి రాడార్ ఒక చుట్టు తిరగడానికి అయిదు సెకన్లు పడుతుంది, దూరప్రయాణ మార్గాల మీది రాడార్‌కి పన్నెండు సెకన్లు. ఏడీఎస్‌-బీలో ఒకరు అడగాల్సిన పని లేదు. విమానమే జీపీఎస్‌తో తన చోటు తెలుసుకుని, దానికి ఎత్తు, వేగం కలిపి సెకనుకోసారైనా చాటుకుంటూ పోతుంది. కింది కంట్రోలరూ వింటాడు, పక్కన ఎగిరే విమానమూ వింటుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, విమానాల్లో ఇది ఉండాలనే నిబంధనను 2010లో ప్రకటించి, అమర్చుకోవడానికి దాదాపు పదేళ్లు గడువిచ్చి, 2020 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల వలయంలోనూ, పదివేల అడుగులు దాటాకా ఇది లేకుండా తిరగడానికి వీల్లేదు. చిన్న విమానాలవాళ్లు ఖర్చుకు వెనకాడుతున్నారని 2016లో 500 డాలర్ల చొప్పున రాయితీ కూడా ఇచ్చారు.

మా హ్యాంగర్ డాలస్-ఫోర్ట్‌వర్త్ వలయం లోపలే ఉంది. గడువు దగ్గరపడినప్పుడు మేం తోక చివరి దీపం తీసి దాని చోట్లో బిగించే చిన్న పరికరంతో గట్టెక్కాం. అది 978 మెగాహెర్ట్జ్ మీద మా సంగతి చెబుతుంది గానీ ఎవరి సంగతీ వినదు. ఇప్పుడు పెట్టించింది చెప్పేదీ వినేదీ అయిన గార్మిన్ జీటీఎక్స్ 345 ట్రాన్స్‌పాండర్, దానికి తోడు అదే కంపెనీ జీపీఎస్ 175. కొత్త ట్రాన్స్‌పాండర్ చెప్పేది 1090 మెగాహెర్ట్జ్ మీద. పెద్ద విమానాలు ప్రపంచమంతటా వాడేది అదే. 978 అమెరికాకే పరిమితం, అదీ పద్దెనిమిది వేల అడుగుల కిందే చెల్లుతుంది. కాకపోతే వాతావరణ సమాచారం ఆ 978 మీదే ఉచితంగా వస్తుంది, కాబట్టి వినడం రెండింటి మీదా వింటుంది.

సామాను బిగించడం కన్నా పాతది పీకడమే ఎక్కువ కాలం పట్టింది. సీట్లు బయటపెట్టి ప్యానెల్ విప్పితే, ఎటూ వెళ్లని వైర్ల కట్టలు బయటపడ్డాయి. ఎప్పటిదో, లోరాన్ అనే పాత రేడియో దారిచూపు వ్యవస్థ యాంటెనా కేబుల్ ఒకటి. ఆ వ్యవస్థని ప్రభుత్వం 2010లోనే ఆపేసింది, కేబుల్ మాత్రం పైకప్పులో అలాగే ఉండిపోయింది. దిక్కు చూపే పాత రేడియో ఏడీఎఫ్ తీయించాం, దానికి ఇక్కడ పలికే స్టేషన్లు చాలావరకు మూతపడ్డాయి. నేలమీది స్టేషన్లని బట్టి దారి చూపే వీఓఆర్ రేడియో దగ్గరికి వచ్చేసరికి మా ముగ్గురిలో పెద్దాయన, నేను అన్నయ్యా అని పిలిచే ఆయన, "ఇది కూడా పీకించేద్దాం తమ్ముడూ, బరువు తగ్గుతుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. 2022 అక్టోబరులో డాలస్-ఫోర్ట్‌వర్త్ చుట్టూ జీపీఎస్ నమ్మదగ్గట్టు లేదని పైలట్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. పెద్ద విమానాశ్రయంలో ఒక రన్‌వేని కొంతసేపు ఆపాల్సి వచ్చింది. అలాంటి రోజున నేలమీది వీఓఆర్ స్టేషనే దిక్కు. అన్నయ్య కాసేపు ఆలోచించి, "ఉండనీ అయితే" అన్నారు. ఉంచాం.

జీపీఎస్ మీద నాకు చిన్నచూపు లేదు. వట్టి జీపీఎస్ లెక్కలోని తేడాల్ని నేలమీది కేంద్రాలు కొలిచి, ఉపగ్రహం ద్వారా సవరణ పంపే వాస్ వ్యవస్థ 2003లో మొదలైంది. దాంతో చిన్న ఊరి రన్‌వేకి కూడా, నేలమీద ఏ రేడియో పరికరమూ లేకుండానే, మబ్బుల్లోంచి నిలువు దారి చూపిస్తుంది. పరిస్థితులు అనుకూలించే చోట రెండొందల అడుగుల దాకా. మన ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తెచ్చిన గగన్ కూడా ఈ కోవదే. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో వారి ఏటీఆర్ దాని సాయంతోనే దిగింది. రాడార్లూ, దిగే దారి చూపే ఐఎల్‌ఎస్‌లూ పెట్టలేని మన జిల్లాల రన్‌వేలకి ఇది పెద్ద వరం, ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

ఇక ఎన్‌కోడర్. జీపీఎస్‌కి ఎత్తు తెలుసు కదా, దీంతో పనేమిటని చాలామంది అనుకుంటారు. ఆకాశంలో విమానాల మధ్య ఎడం పాటించేది గాలి పీడనంతో కొలిచే ఎత్తుతో. అందరి ఆల్టిమీటర్లూ ఆ లెక్కలోనే ఉంటాయి. విమానం పక్కన చిన్న రంధ్రంలోంచి వచ్చే పీడనాన్ని ఎన్‌కోడర్ అంకెలుగా మార్చి ట్రాన్స్‌పాండర్‌కి ఇస్తుంది. పాతవి వంద అడుగుల మెట్లలో చెప్పేవి, కొత్తవి ఇరవై అయిదు అడుగుల్లో. కరెంటు ఇచ్చిన వెంటనే పలకవు, కాస్త వేడెక్కాలి.

దీన్ని పరీక్షించడం నాకు ఎప్పుడూ విసుగురాదు. షాపు పెద్దాయన విమానం ఎడమ పక్కనున్న రంధ్రానికి ఒక గొట్టం తగిలించి, అంచుల్లోంచి గాలి చొరబడకుండా సరిచూసుకుని, చేతిలోని పంపుతో మెల్లగా పీడనం తగ్గిస్తాడు. హ్యాంగర్ తలుపులు మూసే ఉన్నాయి, చక్రాల కింద చెక్కలు పెట్టే ఉన్నాయి. ఆల్టిమీటర్ ముళ్లు మాత్రం వెయ్యి, రెండు వేలు, అయిదు వేలు అంటూ ఎక్కుతాయి. మధ్యమధ్య ఆగి, తన పెట్టెలో ట్రాన్స్‌పాండర్ ఎంత చెబుతోందో చూసి, ఆల్టిమీటర్ అంకెతో పోల్చి కాగితం మీద రాసుకుంటాడు. తేడా 125 అడుగులు దాటకూడదు. ఎక్కడో ఒక రబ్బరు గొట్టం కాస్త చీలినా ముల్లు నిలబడదు, జారిపోతుంది. ట్రాన్స్‌పాండర్ పరీక్ష ప్రతి ఇరవైనాలుగు నెలలకోసారి చట్టప్రకారం జరగాల్సిందే. పదివేల అడుగుల దగ్గర ఆగి ఆయన నావైపు తిరిగి బొటనవేలు ఎత్తి చూపాక గానీ నాకు ఊపిరి ఆడదు.

ఎందుకంత పట్టుదల అంటే, గాల్లో విమానాలు ఢీకొన్న ఘోరాలు చదువుతూ పోయినకొద్దీ ఎత్తు తెలియకపోవడమనే లోపం మళ్లీ మళ్లీ ఎదురైంది. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజిలిస్ దగ్గర సెరిటోస్ మీద ఒక చిన్న పైపర్ విమానం, ప్రయాణికులున్న ఏరోమెక్సికో డీసీ-9 ఢీకొన్నాయి. నేలమీదివాళ్లతో కలిపి 82 మంది పోయారు. పైపర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది, ఎత్తు చెప్పేది లేదు. ఆ తర్వాతే పెద్ద విమానాశ్రయాల చుట్టూ ముప్ఫై మైళ్ల లోపల ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ తప్పనిసరైంది. నేటి ఏడీఎస్‌-బీ వలయం ఆనాడు గీసిందే. పదేళ్ల తర్వాత, 1996 నవంబరు 12న, హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ జంబో, కజకిస్థాన్ ఇల్యూషిన్ ఢీకొని 349 మంది పోయారు. పదిహేను వేల అడుగుల దగ్గర ఆగాల్సిన ఇల్యూషిన్, పద్నాలుగు వేల అడుగుల్లో వస్తున్న జంబో ఎత్తుకి దిగిపోయింది. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపగలిగేది, ఎంత ఎత్తులో ఉందో చూపలేకపోయేది. పెద్ద విమానాల్లో ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే పరికరం ఉండి తీరాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించింది ఆ తర్వాతే.

ఆ రెండూ ఏడీఎస్‌-బీ రాకముందువి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది 2019 మే 13న అలాస్కాలోని కెచికాన్ దగ్గర జరిగింది. ఓడల్లో వచ్చిన పర్యాటకుల్ని కొండలు, జలపాతాలు చూపించడానికి తీసుకెళ్లిన రెండు నీటి విమానాలు, ఒక బీవర్, ఒక ఆటర్, ఢీకొన్నాయి. ఆరుగురు చనిపోయారు. రెండింటిలోనూ ఏడీఎస్‌-బీ ఉంది. ఆటర్‌లో ఎత్తు అందించాల్సిన ఎన్‌కోడర్ యూనిట్ ఆఫ్‌లో ఉంది. చోటు ప్రసారమవుతోంది, ఎత్తు కావడం లేదు. ఎత్తు తెలియని విమానం గురించి బీవర్ పైలట్ ఐప్యాడ్‌లోని యాప్ హెచ్చరిక ఇవ్వలేదు. ఆటర్ పైలట్ తన తెర చివరిసారి చూసుకున్నది ఢీకొనడానికి కొన్ని నిమిషాల ముందు.

ఇందులో చిన్న విమానాలవాళ్లు కంఠతా పట్టాల్సిన సంగతి ఇంకొకటుంది. అమెరికాలో ఏడీఎస్‌-బీ పుట్టింది అలాస్కాలోనే, 1990ల చివర్లో మొదలైన క్యాప్‌స్టోన్ కార్యక్రమంలో. ప్రభుత్వమే అక్కడి చిన్న విమానాలకి పరికరాలు అమర్చింది. ఆటర్‌లోని ఆ తొలి పరికరానికి దగ్గరికొచ్చే విమానం గురించి గొంతెత్తి హెచ్చరించే గుణం ఉండేది. తర్వాత, 2020 నిబంధనకి సరిపడేలా ప్రభుత్వం ఇచ్చిన కొత్త పరికరంలో ఆ గుణం లేదు. అప్‌గ్రేడ్ అయింది, గొంతు పోయింది. జాతీయ రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ తన నివేదికలో దీన్ని ప్రమాదానికి దోహదం చేసిన కారణాల్లో ఒకటిగా రాసింది. కొత్త సామాను జాబితా చూపించి షాపువాళ్లు ధర చెబుతుంటే, తీసేసే సామాను ఏమేం చేసేదో, ఆ పని ఇకమీద ఎవరు చేస్తారో అని అడగడం నేను అలవాటు చేసుకున్నది అది చదివాకే.

ఇక పిల్లల ప్రశ్న. ఇంజినుతో తిరిగే కరెంటు వ్యవస్థ లేకుండా తయారైన పాత విమానాలు, బెలూన్లు, గ్లైడర్లకి ఈ నిబంధనలో మినహాయింపు ఉంది. వలయం బయట పొలాలకి మందు కొట్టే విమానాలు అవసరం లేకపోతే పెట్టుకోవు. 2025 జనవరి 29న వాషింగ్టన్ దగ్గర పొటోమాక్ నది మీద ప్రయాణికుల జెట్, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయినప్పుడు ఆ హెలికాప్టర్ ఏడీఎస్‌-బీ ప్రసారం చేయడం లేదు. చాటనివాళ్లలో ట్రాన్స్‌పాండర్ ఉన్నవాళ్లని రాడార్ పట్టుకుంటే, కింది కేంద్రం ఆ సమాచారాన్ని మనకి అందిస్తుంది. అదీ మనం కూడా చాటుతున్నప్పుడు, మన చుట్టూ పదిహేను మైళ్లు, పైకీ కిందకీ మూడున్నర వేల అడుగుల మేరకే. వినే పరికరం ఒక్కటే కొనుక్కుని ఎగిరేవాడికి వేరెవరి కోసమో పంపిన ముక్కలు కనిపిస్తాయి. ఆ సగం చిత్రాన్ని పూర్తి చిత్రమనుకోవడం కన్నా ఏమీ కనిపించకపోవడమే నయం.

కాబట్టి కళ్లు బయటే ఉండాలి. కళ్లకీ హద్దుంది. ఎదుటి విమానం కంటపడిన క్షణం నుంచి మన విమానం పక్కకి తిరిగేదాకా పన్నెండున్నర సెకన్లు పడుతుందని ఎఫ్‌ఏఏ లెక్క కట్టింది. అందులో అయిదు సెకన్లు ఇది మనమీదికే వస్తోందని గ్రహించడానికి, నాలుగు ఏం చేయాలో తేల్చుకోవడానికి. మాలాంటివి రెండు ఎదురెదురుగా వస్తే ఆ వ్యవధిలో మధ్యనున్న దూరం దాదాపు 1.4 కిలోమీటర్లు తరిగిపోతుంది. పైగా, ఢీకొనబోయే విమానం అద్దంలో కదలదు. ఒకేచోట చుక్కలా నిలబడి ఉంటుంది, కదిలేవాటికి అలవాటుపడ్డ కన్ను దాన్ని దాటేస్తుంది. ఎటు చూడాలో ఎవరైనా చెవిలో చెబితే ఆ వెతుకులాట తప్పుతుంది. తెరకీ గొంతుకీ తేడా అక్కడే. తెర చూడాలంటే బయట చూడటం మానాలి, గొంతు వినడానికి మానక్కర్లేదు.

మొదటిసారి ఎగిరొచ్చాక ఎఫ్‌ఏఏ వెబ్‌సైట్‌లో విమానం నంబరు, తేదీ ఇచ్చి నివేదిక అడిగాను. ఈమెయిల్లో వచ్చింది. మేం ప్రసారం చేసిన చోటు ఎంత కచ్చితం, ఎత్తు ఎక్కడైనా తప్పిందా, విమానం గుర్తింపు కోడు సరిపోయిందా, అన్నీ వరసగా ఉన్నాయి. తప్పున్నచోట ఎర్రరంగు వేస్తారు. మాకు ఎరుపు లేదు. పీడనంతో కొలిచిన ఎత్తు వరస మొదటినుంచి చివరిదాకా నిండుగా ఉంది.

ఒక పని మిగిలింది. ట్రాన్స్‌పాండర్ నుంచి హెడ్‌సెట్లకి ఆడియో తీగ ఇంకా కలపలేదు. అది కలిస్తేనే 'ట్రాఫిక్, పదకొండు గంటల దిశ, కింద, రెండు మైళ్లు' అని చెవిలో పడుతుంది. ఆ తీగకి ప్యానెల్‌లో సగం మళ్లీ విప్పాలి, కూలి గంటలు విడిగా లెక్క కడతాం, అది లేకపోయినా నిబంధనకేం లోటు రాదని షాపువాళ్లు ముందే చెప్పారు. ముగ్గురం మాట్లాడుకున్నాం. వచ్చే వారం విప్పమన్నాం.