గింజలోని తల్లి

ఈ వారము సూర్యాపేటలో బత్తాయిలు కొనుచుండగా, మిర్యాలగూడ వైపు నుండి సరుకు తెచ్చిన ఒక రైతు, “గింజ లేని బత్తాయి మనకెందుకు వస్తలేదు సార్?” అని యడిగెను. చుట్టును వరిపొలములున్నను తోటను విడువని మనిషి యడిగిన యా ప్రశ్న నాకెంతయో సంతోషము కలిగించినది. అట్టి పండునకు ఒక మార్గము సంకరము. సంకరమన్నంతనే ముఖము చిట్లించువారికి ఈ శీర్షికలో పలుమారు చెప్పినదే మరల చెప్పుచున్నాను: బత్తాయియే సంకరజాతి, పంపరపనసకును కమలాకును పూర్వమెన్నడో కలిగిన సంబంధముల ఫలము. మనము అంటు కట్టుటకు వేరుమూలముగా వాడు రంగపూరు నిమ్మయు, జంబేరియు కమలా, మాదీఫలముల సంతతియే.

నిమ్మజాతి చెట్లకు సాధారణముగా 18 క్రోమోసోములుండును. 36 గల చెట్టుతో 18 గల చెట్టును సంకరపరచినచో 27, అనగా మూడు వరుసల క్రోమోసోములు గల సంతానము కలుగును. ఆ మూడు వరుసలు సరిగా జతకూడజాలవు గనుక గింజ కట్టదు. తాహితి నిమ్మ యట్టిదే. పూర్వము వేరుకొనలకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో లెక్కించెడివారు. నేడు లేతాకును బ్లేడుతో తరిగి, కేంద్రకముల కంటించిన రంగు వెలుగును ఫ్లో సైటోమీటరుతో కొలిచి చెప్పుచున్నారు.

ఇట్టి సంకరము చేయుటలో చిక్కంతయు గింజలో నున్నది. పుప్పొడి అద్దిన పూవు గింజ కట్టినను, అందు సంకరపిండముతోపాటు తల్లి కణజాలము నుండియే పుట్టిన పిండములు పెరిగి, తరచు దానిని అణచివేయును. 1894–95 శీతకాలపు మంచు ఫ్లోరిడా తోటలను మాడ్చిన పిదప, చలికి తాళు చెట్టుకై స్వింగిల్, వెబ్బర్ అను శాస్త్రజ్ఞులు 1897లో తీపినారింజను మూడాకుల నారింజతో సంకరపరచిరి. అచ్చట గుర్తు సులభము: మొలకకు మూడాకులు వచ్చినచో సంకరము, ఒంటియాకైనచో తల్లి ప్రతిరూపము. అట్టి యానవాలు లేని జతలకు డీఎన్ఏ పరీక్షయే శరణ్యము. మొలకలో 36 క్రోమోసోములు తేలినంతనే సంకరమనుకొనరాదు. తల్లి కణమే రెట్టింపై యుండవచ్చును.

ఈ తల్లిపిండములు నూతనసృష్టికి ఆటంకములని చాలకాలము నేను తలచితిని. ఆలోచించిన కొలది, మన తోటల కాధారమవియే యని తోచుచున్నది. రంగపూరు గింజలు చల్లిన నారుమడి ఒక్క తీరుగా లేచుటకును, దానిపై కట్టిన బత్తాయిచెట్లు సమముగా పెరుగుటకును కారణము వాని మొండితనమే. గింజ లేని బత్తాయి తప్పక రావలెను. వచ్చినను దానిని మోయవలసినది ఆ వేరుమూలమే.

కోదాడ, మిర్యాలగూడ రైతులారా, మొక్కలు కొనుటకు ముందు నారుమడిని స్వయముగా చూడుడు. తోటివానికంటె భిన్నముగా నున్న మొక్కలను పెరికివేసిన పిదపనే కన్ను అంటు కట్టిరో లేదో అడిగి తెలిసికొనుడు.