కన్యాశుల్కమున వేంకటేశము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును గూర్చి వ్రాసినవారు గిరీశమునకును మధురవాణికిని ఇచ్చిన చోటు వేంకటేశమునకు ఈయరైరి. గిరీశము మాటలకు తాళము వేయు బాలుడని వానిని దాటిపోవుట పరిపాటి. 1909వ సంవత్సరమున వెలువడిన ఏడంకముల ప్రతిని నెమ్మదిగా చదివినచో ఈ నిర్ణయము నిలువదు. తానెవరో తనకింకను తెలియని వయస్సున బాలుని స్వభావమెట్లు కుదురుకొనునో, ఎట్లు చెదరునో ఆ పాత్రమునందు కాననగును. గోపాలపట్నము మొదలగు విశాఖ ప్రాంతపు పాఠశాలల పండితులు దినదినమును చూచుచుండు బాలుడే వాడు.

ప్రథమాంకముననే వేంకటేశము గురువును నిలదీయును. తనకు అబ్బినది చుట్ట కాల్చుట యొక్కటే యనియు, పాఠము మాత్రము జరుగలేదనియు వాని యభియోగము. ఇది వాని సొంతబుద్ధి పలికిన పలుకు. గిరీశము దానికి బదులు చెప్పడు. తనతో సంభాషించుటయే విద్య యని దబాయించును. బాలుడు లొంగును. ఈ లొంగుబాటు తెలివితక్కువచేత కలిగినది కాదు. ఇంట తండ్రి కోపము, తల్లి గారాబము తప్ప వానికి మూడవది లేదు; తన్ను పెద్దవానివలె చేరదీసి మాటలాడినవాడు గిరీశమే.

అగ్రహారమున తల్లి కోరికపై గురుశిష్యులు ఇంగ్లీషున సంభాషించు ఘట్టమును హాస్యమునకై యెల్లరును స్మరింతురు. పాఠపుస్తకపు ముక్కలనే అటునిటు విసరుకొనగా వేంకమ్మ మురిసిపోవును. ఆ మురిపెమే బాలునికి చేటు. అర్థము లేని మాటకును మెప్పు దొరకునని వాడు ఆనాడు నేర్చెను. పరీక్ష తప్పిన సిగ్గు దానితో మాసిపోయినది. నవ్వు ముగిసిన పిదప ఈ సంగతి తలచువారు అరుదు.

కరటకశాస్త్రి శిష్యుడైన మహేశమును ఇచట ప్రక్కన నిలిపి చూడవలెను. వాడు ఆడువేషముతో లుబ్ధావధాన్లకు పెండ్లికూతురై, పని తీరగానే వేషము విడిచి వెడలిపోవును. వేషమని యెరిగి వేసినవాడు గనుక విప్పగలిగెను. వేంకటేశము ధరించినది గిరీశపు వేషము. అది వేషమని వానికి తెలియదు. కౌమారమున కలుగు ఈ సంక్షోభమును ఎరిక్ ఎరిక్సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1968లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చర్చించెను. నాటకము దానిని ఇంచుమించు అరువదియేండ్లకు ముందే చూపినది.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. విశాఖపట్టణమున నడచు తుది యంకమున బుచ్చమ్మకు పూనాలోని వితంతు శరణాలయమును, గిరీశమునకు చదువును ఏర్పడినవి. సౌజన్యారావు పంతులుగారు గిరీశముయొక్క భవిష్యత్తును సయితము యోచించిరి. వాని శిష్యుని గూర్చి మాత్రము ఏ యేర్పాటును లేదు.