బొంగులో కాపురం

బీరపాదు పందిరి కింద రోజూ పొద్దున్నే చారెడు పొట్టు రాలి ఉండేది. ఊడ్చిన గంటకే మళ్లీ. “చెదలు పట్టిందమ్మాయ్, ఆ బొంగు తీసేయించు” అన్నారు అత్తయ్య. వంగి చూస్తే బొంగు అడుగున చిటికెన వేలు దూరేంత బెజ్జం, గీత గీసి తొలిచినంత గుండ్రంగా. అందులోంచి నల్లటి తల ఒకటి తొంగిచూసి, వెనక్కి పోయింది. తుమ్మెద.

పద్యాల్లో దానికి తామరల చుట్టూ తిరగడం తప్ప వేరే పని ఉన్నట్టు కనపడదు. ఇల్లూ సంసారమూ మాత్రం ఎండు కర్రలో. కర్రను తినదు, దవడలతో తొలిచి పొట్టు బయట పోస్తుంది. లోపల పుప్పొడీ మకరందమూ కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, కొరికిన పొట్టుతో అడ్డగోడ కడుతుంది. మళ్లీ ముద్ద, మళ్లీ గుడ్డు, మళ్లీ గోడ.

మా మిద్దెతోటలో వంగపూత రాలిపోయిన ఏడాది నేను ఎరువును అనుమానించాను. ఎండకూ రాలుతుంది, నిజమే. కానీ వంగపూవు సంగతి వేరు. నడుమ ఉండే పసుపు పుప్పొడి తిత్తులు చీలవు, కొసన సూదిబెజ్జాలు మాత్రమే. పట్టు కట్టే తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెద పూవును కావిలించుకుని, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను అదిరిస్తుంది. మోత సన్నబడి జుయ్యిమంటుంది. ఉప్పుడబ్బా కుదిపినట్టు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. నీలిచారల తేనెటీగకూ ఇది వచ్చు. బతుకమ్మకు కోసుకొచ్చే తంగేడుదీ ఇదే తాళం. అందులో తేనె చుక్క ఉండదు, పుప్పొడే కూలి.

యూరప్ గాజు ఇళ్లలో టమాటా పూలను ఒకప్పుడు మనుషులే కరెంటు కడ్డీలతో కుదిపేవారు. 1980ల చివర నుంచి బంబుల్ బీలను పెట్టెల్లో కొనిపెడుతున్నారు. మన మిద్దెతోటల వాళ్లు కొందరు కరెంటు టూత్‌బ్రష్ ఆనిస్తారు. నేనూ వారం రోజులు ఆనించాను. నడుము పట్టేసింది.

అసలు నేను చేసిన తప్పు శుభ్రం. ఎండుకొమ్మ కనపడితే కత్తిరించడం, తులసి వెన్నులు రాగానే తుంచేయడం. ఇప్పుడు పూజకు ఒక తులసి, వెన్నులు వేసుకోవడానికి రెండు. కుట్టని బుల్లి తేనెటీగలు, చీమంతే ఉంటాయి, వాటి మీద ముసురుతున్నాయి. గులాబీ ఆకుల అంచున గుండ్రటి కోతలు కనపడితే మందు వెతకను. ఆకులు కోసే తేనెటీగ గూటికి పరుపు పట్టుకెళ్లిందన్నమాట. వేపనూనె కొట్టినా పొద్దుగూకాకే. బీర మాత్రం సాయంత్రాలు పూస్తుంది, దాని చుట్టాలు వేరు.

ఈ వేసవిలో పందిరి మార్చాం. పాత బొంగును రాత్రిపూట తీసి, ఉన్నచోటికి బారెడు లోపే, బెజ్జం కిందికి ఉండేట్టు పిట్టగోడకు కట్టాను. పొట్టు రాలుతూనే ఉంది, అత్తయ్య ఊడుస్తూ గొణుగుతూనే ఉన్నారు. నిన్న చీపురు గోడకు ఆనించి, బొంగుకు చెవి పెట్టారు.

“లోపల గీరుతోందమ్మాయ్” అన్నారు.